గ్లైడర్ రేసింగ్: ఎక్కడా దిగిపోలేదు, అయినా 37వ స్థానం. టైమ్ ఎక్కడ పోతోంది?

పానగల్_గద్ద

అందరికీ నమస్తే. మాది నల్గొండ, పానగల్ రోడ్డు. బీటెక్ ఆఖరి సంవత్సరం, వయసు 21. పోయిన రెండు సెలవుల్లో పుణె వైపు వెళ్లి గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ట్రైనింగ్ మొదలుపెట్టాను. వించ్‌తో (నేల మీద తాడు చుట్టే యంత్రం) లాగించుకుని పైకి పోవడం, ఒక చుట్టు కొట్టి దిగడం, అదీ ఇన్‌స్ట్రక్టర్‌తోనే. మిగతా అనుభవమంతా ఇంట్లో, కాండోర్ సిమ్యులేటర్ మీద.

పోయిన ఆదివారం ఆన్‌లైన్ రేసులో 200 కిలోమీటర్ల టాస్క్ (ముందే ఇచ్చిన మలుపుల మీదుగా పోయే దారి) ఎగిరాను. 46 మందిలో 37వ స్థానం. బాధేంటంటే, నేను తప్పు చేసినట్టు నాకు ఎక్కడా అనిపించలేదు. మధ్యలో దిగిపోలేదు. 800 మీటర్ల కిందికి ఎప్పుడూ రాలేదు. దొరికిన ప్రతి థర్మల్‌నూ (పైకి లేచే వేడి గాలి) వాడుకున్నాను. అయినా నాకు 2 గంటల 34 నిమిషాలు పట్టింది, గెలిచినాయనకు గంటా 54 నిమిషాలు. ఇద్దరిదీ ఒకటే గ్లైడర్, ఒకటే వాతావరణం. 40 నిమిషాలు ఎక్కడ పోయినట్టు?

ఎప్పటికైనా జూనియర్ ప్రపంచ పోటీల్లో ఎగరాలని ఉంది. నవ్వుకున్నా ఫర్వాలేదు. 25 ఏళ్ల వయసు దాకా అవకాశం ఉంటుంది కాబట్టి నాకింకా నాలుగేళ్లున్నాయి. నాదీ ఆయనదీ ఫ్లైట్ రికార్డు ఫైళ్లు రెండూ పెడుతున్నా, మొహమాటం లేకుండా చెప్పండి.

క్లాక్‌టవర్_చాయ్

తమ్మీ, నవ్వడం లేదు కానీ ఒక మాట. మన పాలమూరుకు ఎయిర్‌పోర్టు వస్తదని గుడిబండ పేరు ఏండ్ల నుంచి వింటున్నం. అదే రాలేదు, నువ్వు ఇంజనే లేని విమానంతోని ప్రపంచ పోటీ అంటున్నవ్. ముందు నౌకరీ చూసుకో. తర్వాత ఎగురు.

వించ్‌మామ

చాయ్ గారూ, నౌకరీ సంగతి వాళ్ల నాన్న చూసుకుంటాడు లెండి. మనం గ్లైడర్ సంగతి చూద్దాం.

బాబూ, నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ వాడిని, ఇప్పుడు వయసు అరవై దాటింది. మా కాలంలో రోహిణి అనే గ్లైడర్ ఉండేది. మన దేశంలోనే డిజైన్ చేశారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలి. అప్పుడు మాకు రేసు అంటే ఎవడు ఎక్కువసేపు పైన ఉంటే వాడే మొనగాడు. నీ పోస్టు చదివితే నువ్వూ ఆ మనసుతోనే ఎగురుతున్నావు అనిపించింది. పైన ఉండటం వేరు, పందెం వేరు. ఫైళ్లు చూసే ఓపిక నాకు లేదు, కంప్యూటర్ వాళ్లెవరైనా చూడండి.

మిర్యాలగూడ_మ్యూనిక్

చూశాను మామా, రాత్రి పదకొండు దాకా అదే పని.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తూ ఇక్కడొక క్లబ్బులో ఏడేళ్లుగా ఎగురుతున్నాను. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే కథ తేలిపోయింది.

తమ్ముడూ, నువ్వు దారిలో 19 చోట్ల ఆగి, ఎత్తు కోసం థర్మల్‌లో చుట్లు కొట్టావు. ఆయన 7 చోట్ల. ఎక్కిన ఎత్తు మాత్రం ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. నువ్వు మొత్తం 5,550 మీటర్లు ఎక్కావు, ఆయన 5,260. నీ సగటు క్లైంబ్ (పైకి ఎక్కే వేగం) సెకనుకు 1.6 మీటర్లు, ఆయనది 2.6. అంటే ఎక్కడానికే నీకు 58 నిమిషాలు, ఆయనకు 34. నీ 40 నిమిషాల్లో 24 అక్కడే పోయాయి. మిగతా 16 తిన్నగా ఎగిరేటప్పుడు పోయాయి. నువ్వు గంటకు 125 కిలోమీటర్ల వేగంతో పోయావు, ఆయన 150తో.

ఇది చదవగానే "అయితే వచ్చే ఆదివారం నేనూ 150తో పోతా" అనుకుంటావు. పోకు. నీ క్లైంబ్ 1.6 దగ్గరే ఉండగా 150 కొడితే ఎత్తు త్వరగా కరిగిపోతుంది, ఇంకో మూడు చోట్ల ఆగాల్సి వస్తుంది.

దీన్ని లెక్క కట్టి అందరికీ అలవాటు చేసినవాడు పాల్ మెక్‌క్రీడీ. 1956లో ఫ్రాన్స్‌లోని సెయింట్ యాన్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇప్పటికీ మన ఫ్లైట్ కంప్యూటర్లలో ఆయన పేరుతోనే సెట్టింగ్ ఉంటుంది. నేను అర్థం చేసుకున్నది ఇలా: ఎత్తు డీజిల్ అనుకో, థర్మల్ పెట్రోలు బంకు. ముందున్న బంకులో పైపు సన్నగా కారుతుందంటే బండిని నిదానంగా, డీజిల్ పొదుపుగా తోలాలి. పైపు జోరుగా పోస్తుందంటే తొక్కెయ్యొచ్చు, డీజిల్ కాలినా రెండు నిమిషాల్లో నిండుతుంది. కాబట్టి ఎంత వేగంతో పోవాలో తేల్చేది నీ ధైర్యం కాదు, తర్వాతి థర్మల్ ఎంత బలంగా ఉంటుందన్న నీ అంచనా. ఆయన 2.6 వస్తేనే ఆగాడు, కాబట్టే 150తో పోగలిగాడు.

ఇంకొకటి, ఇది చూసి నాకే బాధేసింది. ప్రతి థర్మల్‌లోనూ సెంటర్ (గాలి బలంగా లేచే నడిమి భాగం) దొరికే దాకా నువ్వు సగటున రెండు చుట్లు వృథా చేశావు. ఒక చుట్టుకు 25 సెకన్లు. రెండు చుట్లంటే 50, 19 సార్లు అంటే 950 సెకన్లు. దాదాపు 16 నిమిషాలు! ఆయనకూ ఈ వృథా ఉంది, కానీ 7 సార్లే.

"ప్రతి థర్మల్‌నూ వాడుకున్నాను" అని గొప్పగా రాశావు చూడు, జబ్బు అదే.

పానగల్_గద్ద

అన్నా, ఇంత పని చేస్తారనుకోలేదు. చాలా థ్యాంక్స్.

కానీ నిజం చెప్పాలంటే థర్మల్ వదిలి పోవడం నా వల్ల కావడం లేదు. వేరియో (ఎక్కే వేగం చూపే మీటర్) 1.2 చూపిస్తున్నా సరే, "ముందు ఏమీ దొరక్కపోతే?" అని భయం. సిమ్యులేటర్‌లోనే అరచేతులు చెమటలు పడతాయి. 1,200 మీటర్ల కిందికి వస్తే టెన్షన్ మొదలు.

వించ్‌మామ

ఆ భయం మంచిదే, దాన్ని పూర్తిగా చంపకు. కాకపోతే దానికో హద్దు పెట్టు. ఎగిరే ముందే కాగితం మీద రాసుకో: "ఈరోజు ఫలానా ఎత్తు పైన ఉంటే 2 కంటే తక్కువకు ఆగను. ఆ ఎత్తు కింద 1.5 వచ్చినా తీసుకుంటాను. ఇంకా కింద ఏది దొరికితే అది." పైన కూర్చుని, చెమట పడుతుంటే అప్పుడు నిర్ణయం తీసుకోకూడదు. నేల మీద, నీడలో కూర్చుని తీసుకోవాలి.

నీ పేరులో గద్ద ఉంది కదా. సాయంత్రం కాదు, పదకొండు గంటలప్పుడు పానగల్ చెరువు కట్ట మీదికి పోయి ఒక గంట కూర్చో. ఉదయసముద్రం నీళ్లు ఒకవైపు, ఎండిన నేల ఒకవైపు. గద్ద నీళ్ల మీద తిరగదు. ఎండిన వైపు ఎక్కడో ఒకచోట రెక్క వంచి తిరగడం మొదలుపెడుతుంది. గడియారం పెట్టి చూడు, రెక్క ఆడించకుండా ఎన్ని చుట్లలో సెంటర్ పడుతుందో. అంతకంటే ముఖ్యం, అది ఎప్పుడు వదిలి పోతుందో చూడు.

పాలమూరు_పారా

మామ మాటకు వంద మార్కులు. నాది జడ్చర్ల, నేను పారాగ్లైడింగ్ వాడిని. కామ్‌షెట్‌లో నేర్చుకున్నా, హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో కొంచెం క్రాస్‌కంట్రీ (దూరం ఎగరడం) చేశా. 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ అక్కడే పెట్టారు. తమ్ముడికి నా సలహా: గ్లైడర్ గంటలు దొరకడం కష్టమైతే పారాగ్లైడింగ్ కూడా నేర్చుకో. వేగం తక్కువే కానీ థర్మల్ ఎక్కడ పుడుతుంది, ఎటు వాలుతుంది, ఎప్పుడు చస్తుంది అన్నది ఒంటికి తెలుస్తుంది. సిమ్యులేటర్‌లో సీటు ఊగదు కదా.

సరదాకి కాగితం మీద ఒక టాస్క్ గీశా. నల్గొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్, మళ్లీ నల్గొండ. తిన్నని గీతల్లో 54, 99, 140. మొత్తం 293 కిలోమీటర్లు. ఇంకో ఏడు కలిపితే గోల్డ్ బ్యాడ్జ్‌కు (గ్లైడర్ పైలట్లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కావలసిన 300 అవుతుంది! ఏప్రిల్ రోజు, మధ్యాహ్నం 40 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) 16 అనుకోండి. తేడా 24. డిగ్రీకి 125 మీటర్ల లెక్కన గుణిస్తే మేఘం అడుగు నేల నుంచి దాదాపు 3,000 మీటర్లు. యూరప్ వాళ్లు ఇలాంటి రోజు కోసం ఎదురుచూస్తారు, మనమేమో కూలర్ ముందు పడుకుంటాం.

మిర్యాలగూడ_మ్యూనిక్

టాస్క్ బాగుంది భయ్యా, కానీ కాగితం మీదే ఉంచు. మూడో లెగ్ (రెండు మలుపుల మధ్య దారి) ఆమనగల్ మీదుగా పోతుంది, అక్కడి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు 43 కిలోమీటర్లే. నిజంగా ఎగరాలంటే ఆ ఎయిర్‌స్పేస్‌లోకి (ఎయిర్‌పోర్టు నియంత్రణలో ఉండే ఆకాశం) అనుమతి లేకుండా పోలేం. పోటీల్లో ఎయిర్‌స్పేస్ లోపలికి పోతే పెనాల్టీ పడుతుంది, ఒక్కోసారి ఆ రోజు స్కోరే పోతుంది.

ఎయిర్‌స్పేస్ పక్కన పెట్టి నేల సంగతి చూద్దాం, అది మంచి ప్రాక్టీసు. తమ్ముడూ, చెప్పు: ఏప్రిల్ మొదటి వారంలో నల్గొండ నుంచి బయల్దేరితే, తిన్నగా దేవరకొండకు పోతావా, లేక పక్కకు జరుగుతావా?

పానగల్_గద్ద

నల్గొండ చుట్టూ కాలువ నీళ్లతో యాసంగి వరి ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో ఇంకా కొన్ని మడులు పచ్చగానే ఉంటాయి, నేల తడి. అక్కడ థర్మల్ బలహీనంగా ఉండాలి. మీ మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఇంకా అధ్వాన్నం. కాబట్టి కాస్త పడమరకు జరిగి, ఎర్ర చెలకలు, గుట్టలు ఉన్న వైపు నుంచి దేవరకొండ పోతా. దేవరకొండ దాటి కల్వకుర్తి దాకా మెట్ట ఎక్కువ, అక్కడ వేగం పెంచుతా. కరెక్టేనా?

మిర్యాలగూడ_మ్యూనిక్

శభాష్. పక్కకు జరగడం ఎంత ఖరీదో కూడా లెక్కపెట్టుకో. 54 కిలోమీటర్ల లెగ్‌లో సగం దారి దాకా 15 డిగ్రీలు పక్కకు పోయి మళ్లీ గీతలోకి వస్తే, పెరిగే దూరం రెండు కిలోమీటర్లే. ఒక్క మంచి థర్మల్‌తో అది తీరిపోతుంది. 45 డిగ్రీలు పక్కకు పోతే మాత్రం 22 కిలోమీటర్లు పెరుగుతుంది, అది తీరదు. మన వాళ్లు రెండు తప్పులూ చేస్తారు. గీత వదలరు, వదిలితే అడ్రస్ లేకుండా పోతారు.

దేవరకొండ_చెలక

మీరంతా పైనుంచి మాట్లాడుతున్నరు, నేను కింద నుంచి ఒక ముచ్చట చెప్త. నేను రైతును, ఈ ఫోరంలకు మా పిల్లగాడు చేర్పించిండు, డ్రోన్ల గురించి చదువుతుంటా.

గ్లైడర్ ఎత్తు అయిపోతే ఎవని చేన్లనో దిగాలె కదా. ఫిబ్రవరి తర్వాత పత్తి ఏరుడు అయిపోయిన చెలక పైకెంచి చూస్తే ఖాళీ ఉన్నట్టే కొడతది. కానీ కట్టె పీకకపోతే నడుము ఎత్తు పుల్లలు ఉంటయి, మీ రెక్క పోతది. వరి మడి కోసినంక సాపుగ ఉంటది, కానీ ఎన్ని గజాలు? ముప్పై అడుగులు పోంగనే ఒడ్డు. చెరువు శిఖం మే నెలల ఎండితే మైదానం లెక్క కనిపిస్తది, కానీ మిషన్ కాకతీయల పూడిక తీసిన గుంతలు ఉంటయి, పైనుంచి నీడ పడితేనే తెలుస్తది. అన్నిటికంటే డేంజర్ బాయి మోటరు కాడికి పోయే కరెంటు తీగ. స్తంభం చూడుండ్రి, తీగ మీకు కనపడదు.

వించ్‌మామ

పటేలా, ఇది బంగారం. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ దొరకదు. "స్తంభం చూడు, తీగ కనపడదు" అన్నది మాకు ఇన్‌స్ట్రక్టర్ కూడా చెప్పేవాడు.

క్లాక్‌టవర్_చాయ్

ఇదంతా బాగుంది. కానీ నేనడిగిందానికి ఎవరూ జవాబు చెప్పలే. గ్లైడర్ ఎక్కడిది? పైసలెక్కడివి?

మిర్యాలగూడ_మ్యూనిక్

న్యాయమైన ప్రశ్న. కొత్త రేసింగ్ గ్లైడర్ కొనడం మనలాంటి వాళ్ల పని కాదు. కానీ ప్రపంచ పోటీల్లో క్లబ్ క్లాస్ అని ఒకటుంది. ఎల్‌ఎస్4, స్టాండర్డ్ సిరస్ లాంటి పాత గ్లైడర్లు అందులో ఎగురుతాయి. ఒక్కో మోడల్‌కు ఒక్కో హ్యాండిక్యాప్ (స్కోరులో సర్దుబాటు) ఉంటుంది కాబట్టి పాత బండి అని నష్టపోవు. వేగం పెంచే బరువు కోసం రెక్కల్లో నీళ్లు నింపుకోవడం కూడా ఆ క్లాసులో కుదరదు, ఆ తలనొప్పి లేదు. ఇలాంటివి అద్దెకు తీసుకుని ఎగిరేవాళ్లు చాలామంది ఉన్నారు.

నా మాట వింటే మొదటి పోటీలో నువ్వు పైలట్‌గా అసలు పోవద్దు. 20 మీటర్ల రెండు సీట్ల క్లాస్ ఉంది. అనుభవం ఉన్నవాడి వెనక సీట్లో కూర్చో. నేను అలాగే మొదలుపెట్టాను. వారం రోజుల్లో నేర్చుకున్నంత అంతకు ముందు రెండేళ్లలో నేర్చుకోలేదు. నా ముందు సీటాయన స్టార్ట్ లైన్ వెనక నలభై నిమిషాలు ఊరికే తిరిగాడు, నాకేమో చిరాకు. గేటు తెరిచారు, అందరూ పోతున్నారు, ఈయన కదలడే! తర్వాత అర్థమైంది. ముందు పోయినవాళ్లు మాకు థర్మల్స్ చూపించే గద్దలన్నమాట. వాళ్లు చుట్లు కొట్టే చోటికి మేము తిన్నగా పోయాం.

కాగితాల విషయం: ప్రపంచ పోటీలకు నీ అంతట నువ్వు పేరు ఇవ్వలేవు. ఎంట్రీ మన దేశపు ఏరో క్లబ్ ద్వారానే పోవాలి. మన దేశం తరఫున ఎఫ్ఏఐలో (ప్రపంచ ఎయిర్ స్పోర్ట్స్ సమాఖ్య) ఉన్నది ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా. స్పోర్టింగ్ లైసెన్స్ కూడా అక్కడి నుంచే. దానికంటే ముందు సిల్వర్ బ్యాడ్జ్ పూర్తి చెయ్: 50 కిలోమీటర్ల దూరం, 1,000 మీటర్ల ఎత్తు లాభం, 5 గంటలు గాల్లో.

పాలమూరు_పారా

5 గంటలు! ఉచ్చ సంగతి ఏంటన్నా? సీరియస్‌గానే అడుగుతున్నా.

మిర్యాలగూడ_మ్యూనిక్

సీరియస్ ప్రశ్నే. సంచులు ఉంటాయి, ముందు నేల మీద ప్రాక్టీస్ చెయ్యాలి. అది ఇబ్బందని నీళ్లు తాగకుండా ఎగిరేవాళ్లు మూడో గంటలో పిచ్చి నిర్ణయాలు తీసుకుంటారు. నేనే ఒకసారి అలా ఎగిరి, ఫైనల్ గ్లైడ్ (ఇక ఎక్కకుండా గమ్యం దాకా జారడం) లెక్కలో ఒక టర్న్‌పాయింట్ (మలుపు) మర్చిపోయాను. మర్నాడు ఫైలు చూసి నవ్వుకున్నాం కానీ ఆ రోజు స్కోరు చూసి ఏడుపొచ్చింది.

వించ్‌మామ

ఎండకు దూపయ్యే దాకా ఆగొద్దు, ముందు రోజు రాత్రి నుంచే తాగాలి. మన జొన్న అంబలి కంటే మంచిది ఏముంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మేము రోహిణి కార్తెలో రోహిణి ఎక్కి పగిలిపోయాం.

పానగల్_గద్ద

అన్నా, ఏరియా టాస్క్ గురించి కూడా చెప్పరా? అందులో నాకు ఎప్పుడూ స్కోరు తక్కువే.

మిర్యాలగూడ_మ్యూనిక్

టర్న్‌పాయింట్ బదులు పెద్ద వలయం ఇస్తారు, దాంట్లో ఎంత లోపలికి పోతావో నీ ఇష్టం. కనీస టైమ్ 3 గంటలు అనుకో. 280 కిలోమీటర్లు తిరిగి 2 గంటల 50 నిమిషాలకే వచ్చేశావు. నీ లెక్కలో వేగం దాదాపు 99. కానీ వాళ్లు 3 గంటలతోనే భాగిస్తారు, 93 వస్తుంది. పది నిమిషాలు ముందొచ్చి గొప్ప పని చేశాననుకుంటావు, ఆ పది నిమిషాలు ఊరికే దానం చేసినట్టు. నీ ఫైళ్లు చూడు, కచ్చితంగా ముందే వస్తూ ఉంటావు. భయపడేవాళ్లు త్వరగా ఇంటికి తిరుగుతారు.

ఇక సిద్ధం కావడం గురించి అసలు మాట. సెబాస్టియన్ కావా అని పోలండ్ పైలట్ ఉన్నాడు, చదివింది డాక్టర్ చదువు, చిన్నప్పుడు తెరచాప పడవల పందేల నుంచి వచ్చాడు. ప్రపంచ టైటిళ్లలో ఆయన దరిదాపుల్లో ఎవరూ లేరు. ఆయన ఫైళ్లు చూస్తే ఒళ్లు జలదరించే విన్యాసాలేమీ ఉండవు. చెడ్డ రోజు ఉండదు, అంతే. రోజుకు గెలిచినవాడికి ఎక్కువలో ఎక్కువ 1,000 పాయింట్లు. రోజూ 920 తెచ్చుకునేవాడు పైకి వస్తాడు. ఒక రోజు 1,000 కొట్టి, మర్నాడు పొలంలో దిగినవాడు కిందికి పోతాడు.

జర్మనీలో క్లబ్బులకు వారాంతపు లీగ్ ఉంది. ఒక్కో క్లబ్బు నుంచి ముగ్గురి మంచి ఫ్లైట్లు తీసుకుని, నిర్ణయించిన టైమ్‌లో ఎంత వేగం వచ్చిందో చూస్తారు. దానివల్ల మామూలు పైలట్ కూడా ప్రతి సోమవారం పక్కవాడితో పోల్చుకుంటాడు. మనకు ఆ క్లబ్బులు లేకపోయినా ఈ అలవాటుకు గ్లైడర్ అక్కర్లేదు. సిమ్యులేటర్ మీద, నలుగురు చాలు.

క్లాక్‌టవర్_చాయ్

నలుగురు అంటే నన్ను లెక్కేసుకోకుండ్రి. నా ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే పది నిమిషాలు పడతది.

పాలమూరు_పారా

నేను రెడీ. ఆదివారం రాత్రి 8 గంటలకు. సర్వర్ నేను పెడతా. రేసు అయ్యాక ఒక గంట ఫైళ్లు చూడాలి, ఆ గంట లేకపోతే నేను రాను. గెలిచినవాడు తన తప్పులు ముందు చెప్పాలి.

పానగల్_గద్ద

మూడు వారాల తర్వాత అప్‌డేట్.

మామ చెప్పినట్టు కట్ట మీద కూర్చున్నా. గద్దలు చెరువుకు పడమర గట్టు అవతల, దున్ని వదిలేసిన చెలక మీదే ఎక్కువ తిరిగాయి. ఒక గద్ద ఆరు చుట్లు కొట్టి, ఇంకా పైకి పోతుండగానే వదిలేసి వెళ్లిపోయింది. ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే అవతల ఇంకో రెండు దానికంటే వేగంగా ఎక్కుతున్నాయి.

దేవరకొండ పటేల్ గారింటికి కూడా వెళ్లొచ్చాను. మధ్యాహ్నం రెండు గంటలకు చెలకలన్నీ తిప్పారు. నేను ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ చూసి "దిగొచ్చు" అని ఐదు చేన్లు గుర్తు పెట్టుకుని పోయాను. ఐదింట్లో నాలుగు పనికిరావు. ఒకదాంట్లో పత్తికట్టె, ఒకదాంట్లో మోకాలెత్తు రాళ్ల కుప్పలు, రెండింటికి అడ్డంగా మోటరు తీగలు. మ్యాప్‌లో అన్నీ ఒకేలా ఎర్రగా ఉన్నాయి. వాళ్లమ్మ అంబలి పోసింది, రెండు చెంబులు తాగా.

రేసుల సంగతి: మొదటి ఆదివారం 2 కంటే తక్కువకు ఆగనని రాసుకుని, మొండిగా పోయి, 60 కిలోమీటర్ల దగ్గర పొలంలో దిగిపోయాను. మ్యూనిక్ అన్న తిట్టాడు, ఎత్తును బట్టి హద్దు మార్చుకోమన్న మామ మాట మరిచానని. రెండో వారం 11 చోట్ల ఆగాను. నిన్న 9 చోట్ల, సగటు క్లైంబ్ 2.1. ఇంకా అన్న కంటే 13 నిమిషాలు వెనకే. వృథా చుట్లు మాత్రం సగటున ఒకటికి తగ్గాయి.

డిసెంబర్‌లో పుణె మళ్లీ వెళ్తున్నా, ఈసారి సోలో దాకా ఉంటా. నాన్నకు ఇంకా చెప్పలేదు.

వించ్‌మామ

ముందు నాన్నకు చెప్పు. కావాలంటే నా నంబరు మెసేజ్‌లో పంపిస్తా, నేను మాట్లాడతా.

దేవరకొండ_చెలక

పిల్లగా, ఆ ఐదో చెలకల మొన్న కంది ఏసిండ్రు. ఇగ అది కూడా లేదు. మళ్లొచ్చినప్పుడు వేరేది చూపిస్త.